కల్లం దగ్గర కోరం

మార్చి ఒకటో తారీకు నుంచి గురునాథం గారింట్లో భోజనాల దగ్గర వ్యాపారం మాట్లాడటం నిషిద్ధమైంది. ఈ మేరకు ఉత్తర్వు రెండు ప్రతుల్లో జారీ అయింది. ఒకటి మిల్లులో గోడకి, రెండోది ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి. ఫ్రిజ్ మీది దానికి కోడలు మహతి మామిడిపండు బొమ్మ ఉన్న అయస్కాంతం పెట్టింది. పెళ్లయి మూడు నెలలే కావటాన ఆ అమ్మాయికి ఉత్తర్వులు కూడా ముద్దుగానే కనిపిస్తున్నాయి.

ఈ నిషేధం వెనక కొంత చరిత్ర ఉంది. పెదకాకాని దాటాక రోడ్డు పక్కన ఉన్న ఆ కారం మిల్లు ముప్పై రెండేళ్లపాటు, చెప్పుకోవడానికే సిగ్గేసేంత అనాగరికంగా నడిచింది. ఏ కాయ కొనాలి, ఎప్పుడు ఆడించాలి, ఎవరికి పంపాలి, అన్నీ మధ్యాహ్నం భోజనాల దగ్గరే తేలిపోయేవి. గురునాథం గారు ఒక మాట అనేవారు. కొడుకు రామకాంత్ ఇంకో మాట అనేవాడు. ఇల్లాలు దుర్గాంబ ఏ మాటా అనకుండా వడ్డించేది. ఎవరి మాట ఆవిడకి నచ్చితే వాళ్ల పప్పులో ఇంకో గరిటె నెయ్యి పడేది. నచ్చకపోతే చారు రాకుండానే మజ్జిగ వచ్చేసేది. మజ్జిగ పడ్డ ప్రతిపాదన మళ్లీ ఎవరూ ఎత్తేవారు కారు. ఇంత వ్యాపారమూ ఒక నేతిగిన్నె మీద నడుస్తోందని కనిపెట్టిన రోజున, ఎంబీఏ చదివిన మహతికి నవ్వాగలేదు. ఆ గిన్నె తన వైపు తిరిగిన రోజున మాత్రం కళ్లు చెమర్చాయి.

తిరిగింది ఫిబ్రవరి మూడో వారంలో. "ఆ తేజ రకం కాయ తీసుకుందాం మావయ్యగారూ, రంగు బాగుంది" అందామె, అన్నం కెలుకుతూ. నెయ్యి పడింది. మూడు వందల టిక్కీల, అంటే బస్తాల, కాయ వచ్చి, ఇంకా కాస్త పచ్చి ఉందని కల్లంలో ఆరబోతకి దిగింది. అది మహతి కాయ అన్నారు అందరూ. బంధువులు ఇంకొంచెం ముందుకెళ్లి, కొత్త కోడలి మాట మీద కొన్న మొదటి సరుకు కలిసొస్తే కోడలు కలిసొచ్చినట్టే అన్నారు. కలిసిరాకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ రెండో సగం చెప్పే అవసరం మన ఇళ్లలో ఉండదు. మహతి రోజూ సాయంత్రం భర్త చెయ్యి పట్టుకుని ఆ ఎర్రటి కల్లం చుట్టూ తిరిగి, తుమ్ముకుంటూ ఇంటికొచ్చేది. తుమ్ములు ఇద్దరికీ ఒకేసారి వస్తున్నాయని ఆమెకి మహా సంబరం.

అప్పటికే ఆ దంపతులు చదువుకున్నవాళ్లు చేయదగిన పని ఒకటి చేసి ఉన్నారు. సినిమా టికెట్లు దొరక్క, గుంటూరులో ఒక హోటల్లో జరుగుతున్న "కుటుంబ వ్యాపారాలకు నాయకత్వ పునరుజ్జీవనం" అనే ఉచిత సదస్సుకి వెళ్లారు. బాదం హల్వా అద్భుతంగా ఉంది. ఆ తీపిలోనే నిపుణుడు త్రినాథ్ గారిని మిల్లుకి ఆహ్వానించి వచ్చారు. పిడుగురాళ్ల వైపు ఒక సున్నపు బట్టీ కుటుంబాన్ని ఆయన అప్పటికే ఎంత క్రమశిక్షణలో పెట్టారంటే, అక్కడి అన్నదమ్ములు ఇప్పుడు ఈమెయిల్లో తప్ప పలకరించుకోవడం లేదు.

త్రినాథ్ గారు నాలుగు శనివారాలు వచ్చారు. "మీ దగ్గర మనుషులున్నారు, మిర్చి ఉంది, మార్కెట్టుంది. లేనిదల్లా నిర్మాణం. నిర్ణయాన్ని నేతిగిన్నె నుంచి విముక్తం చేయండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, దుర్గాంబ తప్ప. ఆవిడ చేతులు ఖాళీ లేవు, గిన్నె ఉంది.

అలా నలభై ఆరు పేజీల కుటుంబ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. గురునాథం గారు గౌరవ అధ్యక్షులయ్యారు. సలహా ఇవ్వవచ్చు, అడిగితేనే. రామకాంత్ ముఖ్య కార్యనిర్వహణాధికారి, మహతి పరివర్తన విభాగాధిపతి. ఇరవై ఏళ్లుగా కల్లం చూసుకుంటున్న జాన్ బాషా బహిరంగ ప్రదేశాల విపత్తు నివారణ విభాగాధిపతి అయ్యాడు. మెడలో కార్డు వేశారు. వంగినప్పుడల్లా అది మిరపకాయల్లో పడుతుండటంతో అతను వంగడం మానేశాడు. దుర్గాంబ చేసే పనికి మాత్రం పట్టికలో గడి దొరకలేదు. వాటాదారు అని రాసి వదిలేశారు. వాటాదారుకి విధులు లేవు.

కొత్త పద్ధతిలో కమ్మదనం లేకపోలేదు. "మల్లెపూలు: సాయంత్రం ఆరు నుంచి ఆరుంబావు వరకు" అని రామకాంత్ భార్యకి క్యాలెండర్ ఆహ్వానం పంపాడు. మహతి అంగీకారం నొక్కి, వంటింట్లో ఎవరూ లేరని చూసుకుని ఫోనుకి ముద్దు పెట్టింది.

భోజనాలే కష్టమయ్యాయి. మిర్చి తీసేస్తే ఆ ఇంట్లో మాట్లాడుకోవడానికి వాతావరణం ఒక్కటే మిగిలింది. మిర్చి ఇంట్లో ఎండావానా కూడా వ్యాపారమే కదా అని రామకాంత్‌కి ధర్మసందేహం వచ్చి ఫోన్ చేశాడు. త్రినాథ్ గారు ఎంతో సంతోషించి, వాతావరణాన్ని కూడా నిషేధంలో చేర్చారు. ఉల్లంఘించినవారు లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాలి.

మార్చి పదో తారీకు మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. కుటుంబం దొండకాయ వేపుడు తింటోంది. కిటికీ అందరికీ ఎదురుగానే ఉంది.

"వేపుడు బాగుంది" అన్నారు గురునాథం గారు, కిటికీలోకి చూస్తూ.

"కాస్త నల్లగా వేగినట్టుంది నాన్నా" అన్నాడు రామకాంత్, తనూ అటే చూస్తూ.

మహతి కలిపిన ముద్దనే మళ్లీ కలుపుతోంది. కల్లంలో ఉన్నది తన కాయ. కానీ నిషేధం ఫ్రిజ్ మీద పెట్టిన చెయ్యి కూడా తనదే. దుర్గాంబ ముగ్గురి మొహాలూ చూసి, చారు లేకుండానే మజ్జిగ పోసి, వంటింటి వైపు వెళ్లిపోయింది.

జాన్ బాషా గుమ్మంలోకి వచ్చాడు. "అయ్యగారూ, కాయ మీదికి పట్టాలు లాగించమంటారా? వాన వాసనొస్తంది."

గురునాథం గారు నోరు తెరిచి, తననెవరూ సలహా అడగలేదని గుర్తొచ్చి మూసుకున్నారు.

"నివేదిక రాశారా బాషా గారూ?" అంది మహతి. అలా అడగటం ఆమె ఉద్యోగం.

"దేని గురించమ్మా?"

"మబ్బు గురించి."

"మబ్బు కనపడతానే ఉంది గదమ్మా."

"కనపడితే చాలదండీ. మూడు ప్రతులు కావాలి."

జాన్ బాషా వరండాలో కూర్చుని రాశాడు. ప్రమాద తీవ్రత తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అన్న గడి దగ్గర ఆలోచిస్తుంటే తొలి చినుకు వచ్చి మధ్యస్థం మీద పడింది. ఊహించని సంఘటనకి ముగ్గురు సభ్యుల కోరం ఉండాలి. ఇద్దరు భార్యాభర్తలు. మూడోవారు స్వతంత్ర సభ్యుడు, అనగా త్రినాథ్ గారు. రామకాంత్ ఫోన్ కలిపాడు.

"అభినందనలు" అన్నారు త్రినాథ్ గారు. "ఇది మీ వ్యవస్థకి తొలి పరీక్ష. దయచేసి ఎవరూ పరుగెత్తకండి. వ్యక్తులు పరుగెత్తే చోట సంస్థలు ఎదగవు. నా సంతకం ఫోన్లో పంపిస్తున్నాను."

సంతకం బయల్దేరింది. వాన ముందు వచ్చింది. సిగ్నల్ పోయింది.

గోడ అవతల పేరయ్య గారి కల్లం ఉంది. ఆయనకి రాజ్యాంగం లేదు, గొంతు ఉంది. "ఒరేయ్, ఆకాశం వంక ఏం చూస్తన్నార్రా, పట్టాలు లాగండి" అన్న ఒక్క కేకతో అక్కడి కాయంతా నాలుగు నిమిషాల్లో పట్టాల కిందికి పోయింది.

మహతి వరండా చివరికొచ్చి చూసేసరికి, తమ కల్లంలో దుర్గాంబ కొంగు దోపుకుని, తొడిమలు తీసే ఆడవాళ్లతో కలిసి పట్టా ఈడుస్తోంది. విధులు లేని మనిషి కాబట్టి ఆవిడ ఏ నిబంధననీ మీరినట్టు కాదు.

"అమ్మాయ్, ఆ కొస పట్టుకో" అందావిడ.

నివేదిక మూడు ప్రతులూ అక్కడే వదిలేసి మహతి వానలోకి దూకింది. సగం కాయ దక్కింది. మిగతా సగం తడిసి, వారం తిరిగేసరికి తెల్లబడి, ధర పలకని తాలయింది.

శనివారం సమీక్ష జరిగింది. "వ్యవస్థ అన్ని దశల్లోనూ నిర్దేశించినట్టే పనిచేసింది" అని త్రినాథ్ గారు చదివారు. "అయితే దక్కిన సగం అనధికారికంగా దక్కింది. ఇలాంటివి పునరావృతం కాకూడదు. అమ్మగారు క్షమాపణ రాయాలి."

"దక్కిన సగానికి నేను రాస్తా బాబూ" అంది దుర్గాంబ. "పోయిన సగానికి నువ్వు రాయి."

దీన్ని ఆయన 'మార్పుకు సహజ ప్రతిఘటన' అని నమోదు చేసుకున్నారు.

ఆ వారమంతా బంధువుల ఫోన్లు వచ్చాయి. సగం కాయ తాలైపోయిందట కదా అని మొదలుపెట్టి, అమ్మాయి ఇంట్లో అడుగుపెట్టిన వేళ ఎట్లాంటిదో ఏమిటో అని ముగించేవారు. రాజ్యాంగం గురించి ఒక్కరూ అడగలేదు. దుర్గాంబ ఫోన్ పెట్టేసి పనిలో పడేది. మహతికి మాత్రం మూడు నెలల్లో మొదటిసారి, చూసి నవ్వుకోవడానికి ఇంట్లో ఏమీ కనిపించలేదు.

ఆదివారం పేరయ్య గారొచ్చి సోఫా అంచున కూర్చున్నారు.

"ఏం బావా, మీకేదో రాజ్యాంగం ఉందంట గదా" అన్నారు గురునాథం గారితో. "మాకేముంది, నోరేసుకుని అరుచుకోవటమే. మొన్న కాయంతా దక్కింది. అయితే ఏం లాభం, ఒక పద్ధతి లేకుండా దక్కింది. మావాడు తలెత్తుకోలేకపోతన్నాడు. ఈ రోడ్డు మీద అందరం అదే అనుకుంటన్నాం. అమ్మాయ్, ఆయన నంబరేదో ఇప్పించు తల్లీ."

గురునాథం గారు కోడలి వంక చూశారు. రామకాంత్ కిటికీ వంక చూశాడు. జరిగింది జరిగినట్టు చెప్పడానికి మహతికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషంలో ఆమె ఇంకోటి ఆలోచించింది. ఒక్క కల్లం తడిస్తే అది కోడలి పాదం. పది కల్లాలు తడిస్తే?

లోపలికెళ్లి త్రినాథ్ గారి కార్డు తెచ్చి, రెండు చేతులతో అందించింది. "చాలా మంచివారండీ బాబాయ్‌గారూ. మా ఇల్లు ఆయన వల్లే దారిలో పడింది" అంది.

మరుసటి మార్చికి ఆ రోడ్డు మీద పదకొండు మిల్లులు సుపరిపాలనలోకి వచ్చాయి. మార్చి మధ్యలో ఒక మధ్యాహ్నం మళ్లీ మబ్బు పట్టింది. పదకొండు కల్లాలూ తడిశాయి. ఈసారి ఎవరూ ఏ కోడలి పాదం గురించీ మాట్లాడలేదు. అకాల వర్షం అన్నారు. పేపర్లో కూడా అలాగే వేశారు.