బాలింత ఆర్విడ్

ఆ గురువారం పొద్దున లెనోర్ ఫాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోగా పేరుకుపోయిన ఇన్సూరెన్స్ క్లెయిములు పంపేయాలి, తర్వాత మేరెన్ ఇంటికి వెళ్ళాలి. బాలింతల ఇళ్ళకు వెళ్ళి బిడ్డకు పాలివ్వడంలో సాయం చేయడం లెనోర్ వృత్తి. బిడ్డ నోరు సరిగ్గా పట్టకపోతే ఎలా ఎత్తుకోవాలో చూపిస్తుంది, తాగక ముందూ తాగాకా తూచి ఎన్ని పాలు లోపలికి పోయాయో చెబుతుంది, తల్లి ఏడుపు మొదలుపెడితే అది ఆగేదాకా పక్కనే కూర్చుంటుంది. ఆసుపత్రి ఉద్యోగం వదిలి సొంతంగా పెట్టుకున్న పని కాబట్టి, అక్కడ ఇంకెవరో చేసిపెట్టిన కాగితాల పని ఇక్కడ ఆమె నెత్తిన పడింది. పిల్లలు ఎంత గుక్కపట్టినా లెనోర్ కంగారుపడదు. క్లెయిము ఫారం తెరిస్తే మాత్రం ఆమె చేతులు చల్లబడతాయి.

మేరెన్ క్లెయిము కాస్త చిక్కుది. మేరెన్ ఊళ్ళో చీజ్ ఫ్యాక్టరీలో పాకింగ్ దగ్గర సగంపూట పనిచేస్తుంది. సగంపూట వాళ్ళకు ఫ్యాక్టరీ ఇన్సూరెన్స్ ఇవ్వదు. ఇంకా పాతికేళ్ళు దాటలేదు కనుక, అదే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న తండ్రి ఆర్విడ్ టోలెఫ్‌సన్ పాలసీలోనే ఉంది. పాలసీదారుకు రోగి ఏమవుతారని ఫారం అడుగుతుంది. తానే, భార్య, సంతానం అని వరుసగా గడులుంటాయి. లెనోర్ 'సంతానం' కోసం వెతుకుతుండగా ఫోన్ మోగింది.

"లెనోర్ గారూ, కాస్త తొందరగా వస్తారా?" అంది మేరెన్. "పాప మళ్ళీ పట్టుకోవట్లేదు. నేను వచ్చే నెల పనిలోకి పోవాలి. ఈలోపు ఇది కుదరకపోతే ఇంకెప్పుడు కుదురుతుంది?"

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, వస్తున్నానమ్మా అంటూ, లెనోర్ చూసుకోకుండా మొదటి గడి, 'తానే' అన్నది, నొక్కి క్లెయిము పంపేసి కోటు అందుకుంది. కంప్యూటర్ ఎంతో విధేయతతో మేరెన్ పేరు చెరిపేసి ఆ స్థానంలో పాలసీదారు పేరు నింపుకుంది. అలా ఆ పొద్దున, యాభై ఎనిమిదేళ్ళ ఆర్విడ్ ఇన్సూరెన్స్ కంపెనీ దృష్టిలో పచ్చి బాలింత అయ్యాడు.

మేరెన్ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆమెకున్న భయం వేరే. భర్త ఖనిజం మోసే ఓడ మీద పనిచేస్తాడు. సరస్సులు గడ్డకట్టి ఓడలు ఆగేదాకా ఇంటికి రాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉండేది తనూ, తండ్రి ఆర్విడ్, పాపా. పాపకు పాలిచ్చే ఆ కాసేపే ఆమెకు రోజు మొత్తంలో ఎవరూ ఎక్కడికీ పోనట్టుండేది. పనిలోకి వెళ్ళాక మధ్యలో పాలు పిండి దాచకపోతే పాలు ఎండిపోతాయని లెనోర్ ముందే చెప్పింది. పిండుకోవడానికి ఒక గది కావాలని మేరెన్ మేనేజర్ కిప్ డ్రోసెల్‌ను అడిగింది కూడా. ఖాళీ గదులు లేవనీ, ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఎలాగూ ఉంది కదా అనీ, వచ్చాక చూద్దామనీ అతను ఒకే ఊపిరిలో చెప్పేశాడట.

"మరుగుదొడ్లో కూర్చుని దానికి తిండి తయారుచెయ్యాలా?" అంది మేరెన్. "మా అమ్మను ఉంచుకోలేకపోయాను. ఆయన్ను ఉంచుకోలేకపోతున్నాను. ఇదొక్కటైనా ఉంచుకోనివ్వరా నన్ను?"

లెనోర్ దిండు సర్ది, పాప తల తిప్పి, పాప పట్టుకునేదాకా కదలకుండా కూర్చుంది.

తర్వాతి వారం ఆర్విడ్ వరండాలో మంచు ఊడ్చుతుండగా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రోషెల్ అనే నర్సు. కొత్త తల్లుల బాగోగులు కనుక్కోవడం ఆమె పని. గొంతునుబట్టి మనిషిని అంచనా వేయకూడదని ఆమెకు శిక్షణలో చెప్పారు. రోషెల్ శ్రద్ధగల విద్యార్థి.

ఆర్విడ్‌తో చిక్కు వేరు. మొహం మీద వద్దనడం వాళ్ళ ఊళ్ళో ఎవరూ చేయని పని. ఇల్లు కాలిపోతున్నా ఎలా ఉన్నారంటే పర్వాలేదంటారు. ఒంట్లో ఎలా ఉందని రోషెల్ అడిగితే పర్వాలేదన్నాడు. పాలెలా ఉన్నాయంటే సాయంత్రాలు తక్కువగా ఉన్నాయని ఇంట్లో విన్నది చెప్పాడు. నిద్ర పడుతోందా అంటే, పాప లేచినప్పుడల్లా తనూ లేస్తున్నానన్నాడు. ఇంటిల్లిపాదిని పేరుపేరునా పలకరిస్తున్నారు, ఎంత మంచి కంపెనీయో అనుకున్నాడు. పాలు పిండే పంపు పంపిస్తాననగానే మర్యాదకు వద్దన్నాడు. ఆమె రెండోసారి అడిగింది, మళ్ళీ మర్యాదకు వద్దన్నాడు. మూడోసారి అడిగితే ఒప్పుకోకపోవడం అక్కడ తలపొగరు కిందికి వస్తుంది.

పంపు వచ్చింది. డబ్బా మీద ఆర్విడ్ పేరు, లోపల గులాబీ రంగు కార్డు మీద 'మీ శరీరం చేస్తున్న అద్భుతానికి అభినందనలు' అని రాసుంది. అప్పుడు అక్కడే ఉన్న లెనోర్ ఆ కార్డు చదివి, తను నొక్కింది ఏ గడో గుర్తుచేసుకుని జరిగింది చెప్పేసింది. విషయం తెలిశాక మేరెన్ కుట్లు లాగేటట్టు నవ్వింది. ప్రసవం తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదలు కాబట్టి ఆర్విడ్‌కు కోపం తెచ్చుకోవడం కుదరలేదు.

లెనోర్ అక్కడినుంచే కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకతను పలికి, సవరించిన క్లెయిము పంపొచ్చనీ, పరిశీలనకు కొన్ని వారాలు పడతాయనీ, అందాకా ఆర్విడ్ గారే తల్లి అనీ చెప్పాడు. ఆయన మగాడని లెనోర్ మొత్తుకుంటే, ఆ అభ్యంతరం కూడా అదే అర్జీలో రాయమన్నాడు. ఆమె ఆ రోజే రాసి పంపింది. అందాకా డబ్బు ఊసెత్తకుండా మేరెన్ ఇంటికి వస్తూనే ఉంది.

రోషెల్ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఆర్విడ్ నిజం చెప్పాలనే నిశ్చయంతోనే ఎత్తాడు.

"అమ్మా, ఒక పొరపాటు జరిగింది. తల్లి నేను కాదు."

"అలా అనిపించడం చాలా సహజమండీ," అంది రోషెల్ మెత్తగా. "మొదట్లో చాలామంది అదే అంటారు. ఇది నేను కాదు, నేను తల్లినే కాదు అని. మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి."

ఆ పిల్ల అంత దయగా మాట్లాడుతుంటే మధ్యలో తుంచేయడం అతనికి చేతకాలేదు. ఫోన్ పెట్టేసేసరికి, కొత్త తల్లులు మంగళవారాలు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే ఫోన్ బృందంలో అతని పేరు చేరిపోయింది.

మంగళవారం అతను వంటింట్లో కూర్చుని ఊరికే విన్నాడు. ఎవరెవరో తల్లులు, ఏవేవో ఊళ్ళ నుంచి. ఒకామె తను మర్నాడే పనిలోకి వెళ్తున్నానని చెప్పి మాట రాక ఆగిపోయింది. ఆర్విడ్ గారూ, మీరేమైనా చెబుతారా అంది రోషెల్. అడిగాక చెప్పకపోతే బాగుండదు.

"వదిలి గడప దాటడం కష్టమేనమ్మా," అన్నాడు ఆర్విడ్. "మా ఆవిడ పోయాక మా అమ్మాయిని పక్కింట్లో దింపి ఫ్యాక్టరీకి పోయేవాణ్ణి. కిటికీ దగ్గర నిలబడి చూసేది. వెనక్కి చూస్తే కదల్లేనని చూసేవాణ్ణి కాదు. ఇప్పుడనిపిస్తుంది, చూడాల్సింది. కాస్త ఆలస్యమైతే ఏమయ్యేది, జీతంలో ఓ గంట కోసేవాళ్ళు."

ఫోన్‌లో ఆరుగురు తల్లులు ఒకేసారి ఏడ్చారు. రోషెల్ కూడా ఏడ్చింది. తలుపు చాటున పాపను భుజాన వేసుకుని నిలబడ్డ మేరెన్ మాత్రం చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఉద్యోగానికీ బిడ్డకూ మధ్య నలిగిపోతున్న ఈ మనిషిని ఆదుకోవాలని రోషెల్ గట్టిగా నిర్ణయించుకుంది. కంపెనీ ముద్ర ఉన్న కాగితం మీద ఫ్యాక్టరీ మేనేజర్‌కు ఒక ఉత్తరం తయారుచేసి ఆర్విడ్‌కు పంపింది. పాలిచ్చే ఈ ఉద్యోగికి చట్టం ప్రకారం గడియ ఉన్న గది, కుర్చీ, కావలసినంత విరామం ఇవ్వాలనీ, మరుగుదొడ్డి చూపించడం కుదరదనీ అందులో ఉంది. దీన్ని మేనేజర్‌కు ఇవ్వండి, ఇచ్చారో లేదో రేపు ఫోన్ చేసి కనుక్కుంటానంది. అబద్ధం చెప్పడం కూడా అక్కడ వాళ్ళకు మొహం మీద వద్దన్నంత కష్టమే. పైగా ఆ ఉత్తరంలో ఉన్నదంతా మేరెన్‌కు కావలసిందే. కాగితం చూపించి, ఇది మా అమ్మాయి సంగతి అని రెండు ముక్కలు చెబితే సరిపోతుందనుకున్నాడు.

కిప్ డ్రోసెల్ కూడా ఈ మధ్యే శిక్షణ పొంది వచ్చాడు. ఉద్యోగుల శరీరాల గురించి ఏమీ అడగకూడదు, ఏమీ వినకూడదు, మొహంలో ఏ భావమూ కనబడకూడదు అన్నది దాని సారం. ఉత్తరం చదివాడు. అతని మొహం బల్లలా అయిపోయింది.

"అది మా అమ్మాయి..." అని మొదలుపెట్టాడు ఆర్విడ్.

"ఒక్క మాట కూడా చెప్పకండి ఆర్విడ్ గారూ," అన్నాడు కిప్ రెండు చేతులూ ఎత్తి. "నాకేం తెలియాల్సిన పని లేదు. నాకు తెలిస్తేనే ప్రమాదం."

"చెప్పేది వినవయ్యా."

"మీరు చెప్పరు, నేను వినను. గది సాయంత్రానికి తయారు."

మేరెన్‌కు లేదన్న గది లేబుళ్ళ అట్టపెట్టెల వెనక దొరికింది. పెట్టెలు బయటికి పోయాయి. తలుపుకు గడియ, లోపల ఒక కుర్చీ, చిన్న ఫ్రిజ్, కిటికీకి నీలం తెర వచ్చాయి. తలుపు మీద 'ఆర్విడ్ టోలెఫ్‌సన్ మాత్రమే' అని రాసిన పలక వేలాడింది. విరామం గంట కొట్టగానే కిప్ స్వయంగా వచ్చి, వేళయిందండీ అని మెల్లగా గుర్తుచేసి, నేలచూపులు చూస్తూ వెళ్ళిపోయేవాడు. వెళ్ళకపోతే అతని ఉద్యోగానికే ముప్పేమోనని ఆర్విడ్ వెళ్ళి, గడియ పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చునేవాడు.

కారణం ఎవరికీ తెలియదు కాబట్టి, ఆర్విడ్ ఇక ఎంతోకాలం బతకడని ఫ్యాక్టరీ అంతా నమ్మింది. అక్కడ మనిషికి కష్టమొస్తే ఎవరూ ఆరా తీయరు, వండుకొస్తారు. బంగాళాదుంపలూ మాంసమూ చీజూ కలిపి కాల్చిన పళ్ళేలు, అడుగున ఏ పళ్ళెం ఎవరిదో పేరు అంటించి మరీ, ఆ చిన్న ఫ్రిజ్‌లో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. నీకేం కాదు ఆర్విడ్ అని ఒకడు భుజం తట్టాడు. పర్వాలేదన్నాడు ఆర్విడ్. ఆ జవాబుతో వాళ్ళకు ఉన్న కాస్త ఆశా పోయింది.

మేరెన్ పనిలోకి వెళ్ళే సోమవారం వచ్చింది. పాపను చూసుకోవడానికి లెనోర్ తెలిసినామెను కుదిర్చింది. ఆమె చేతికి పాపను ఇచ్చి, టోపీ సర్ది, వెళ్ళి, మళ్ళీ వచ్చి ఇంకోసారి టోపీ సర్దింది మేరెన్. తండ్రి కారు స్టార్ట్ చేసి ఉంచాడు కానీ హారన్ కొట్టలేదు. కారు మలుపు దగ్గరికి రాగానే ఆపేసి, "వెనక్కి చూడమ్మా," అన్నాడు. ఇద్దరూ తిరిగి చూశారు. అందువల్ల ఇద్దరూ ఆలస్యంగా చేరారు.

మొదటి విరామం వేళకు పాలు నిండి మేరెన్ రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. కిప్ దగ్గరికి వెళ్తే అతను ఎప్పటిలాగే మరుగుదొడ్డి వైపు చూపించాడు. ఆ నీలం తెర గది ఉంది కదా అంటే, అది మీ నాన్నగారిది, దాన్ని పంచుకోమని ఆయన్ను అడిగే హక్కు నాకు లేదు, చట్టం ఒప్పుకోదు అన్నాడు. మేరెన్ పంపు సంచి గుండెకు అదుముకుని నిలబడిపోయింది. చొక్కా ముందు భాగం తడిసిపోతోంది. చుట్టుపక్కల వాళ్ళు మర్యాదగా వేరే వైపు చూశారు.

ఆర్విడ్ వచ్చి ఆ గది తలుపుకూ కిప్‌కూ మధ్య నిలబడ్డాడు.

"వేళయిందండీ," అన్నాడు కిప్ నేల చూస్తూ.

"వెళ్ళను," అన్నాడు ఆర్విడ్.

ముప్ఫై ఏళ్ళలో ఆయన నోట అలాంటి మాట విన్నవాళ్ళు లేరు. పాకింగ్ యంత్రం దగ్గర ఎవరో స్విచ్ ఆపేశారు.

"ఇవాళ నువ్వు వింటావు కిప్. నాకు పాలు లేవు. ఎప్పుడూ లేవు. పాలున్నది దీనికి. ఇది నోరు తెరిచి అడిగితే మరుగుదొడ్డి చూపించావు. నేను అడక్కపోయినా గది కట్టించావు. అమ్మాయిని లోపలికి పోనీ."

"మరి మీ ఉత్తరం?" అన్నాడు కిప్ నీరసంగా.

"నేను మానేశాను. ఇప్పుడే."

మేరెన్ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. కిప్ మొహంలో, శిక్షణకు పూర్తి విరుద్ధంగా, చాలా భావాలు కనిపించాయి. తర్వాత అతనే స్టూలెక్కి పలక విప్పాడు. వారం తిరిగేసరికి, ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా కారులో కూర్చుని పాలు పిండుకుంటున్న మరో ఇద్దరు తల్లులు కూడా ఆ గదిలోకి రావడం మొదలుపెట్టారు. పళ్ళేలు తెచ్చినవాళ్ళు వాటిని తిరిగి అడగలేదు. ఆర్విడ్ బతికి బాగుండటం చూసి కాస్త నొచ్చుకున్నట్టు మాత్రం కనబడ్డారు.

నెల చివర సవరించిన క్లెయిము ఒప్పుకున్నారు. లెనోర్ ఆ కబురు పట్టుకుని వచ్చేసరికి పాప రెండు వైపులా తాగి, నోరు తెరిచి నిద్రపోతోంది. ఆ సాయంత్రమే రోషెల్ ఆఖరి ఫోన్ చేసింది. ఆర్విడ్ పేరున ఉన్న ఫైలు మూసేయాలంటే పాలివ్వడం ఎందుకు ఆపారో కారణం చెప్పాలట. కంపెనీ ఒప్పుకునే కారణాలు మూడే ఉన్నాయట: అనారోగ్యం, ఉద్యోగం, పాలు చాలకపోవడం.

"మీకేది తేలికైతే అది రాసుకోండమ్మా," అన్నాడు ఆర్విడ్.

పాలు చాలకపోవడం అని రాసుకుంది రోషెల్. ఆ కంపెనీ ఆర్విడ్ గురించి రాసుకున్న వాటిలో పూర్తిగా నిజమైన ముక్క అదొక్కటే.