రాజారత్నం గారి వాడని ఫోను

కోదాడ పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, రాజారత్నం గారు కొత్త ఫోను కొన్నారు. వాడటానికి కాదు. అంత తెలివితక్కువ పని ఆయన జన్మలో చేసి ఎరుగరు. వస్తువు కొని వాడుకునేవాడు మామూలు మనిషి. కొని, వాడకుండా దాచి, కొత్తదే అని చెప్పి అమ్మి లాభం చూసేవాడు రాజారత్నం.

ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క ఫైలునూ నలగనివ్వలేదు, ఎందుకంటే ఒక్కదాన్నీ తెరవలేదు. ఇంట్లోనూ అదే క్రమశిక్షణ. ఆ మధ్య కూలర్ కొని, అట్టపెట్టె విప్పకుండా రెండు ఎండాకాలాలు దాని పక్కనే విసనకర్రతో కూర్చున్నారు. మూడో ఎండాకాలం ముందు అమ్మితే మూడు వందలు మిగిలాయి. ఆ విజయగాథను చుట్టాల పెళ్లిళ్లలో ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. వినేవాళ్లు భోజనం కోసం వచ్చారు కనుక వింటూనే ఉంటారు.

ఆయన భార్య కృప ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె ఫోను అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు పగిలి చాలా కాలమైంది. ఆడవాళ్లు పంపే డిజైన్ల ఫొటోలన్నీ ఆ పగులు చాటు నుంచే చూడాలి. చిలుకూరు చంద్రమ్మ పంపిన ఫొటోలో భుజం నుంచి నడుము దాకా ఒక వంకర గీత కనిపిస్తే, కృప దాన్ని కూడా శ్రద్ధగా ఎర్ర పైపింగుతో కుట్టి ఇచ్చింది. ఆ గీత జాకెట్‌ది కాదు, ఫోనుదని చంద్రమ్మ తొడుక్కున్నాక తేలింది. ఆ నెలలోనే ఇంకో ఇద్దరు బట్ట వెనక్కి పట్టుకుపోయారు. ఇలాగే సాగితే మిషన్ మూలన పడుతుందని కృపకు నిజంగా భయం పట్టుకుంది. మంచి ఫోను ఒకటి కొనమని అడిగింది.

"కొనుడు ఎవరైనా కొంటరు. అమ్మితే ఎంతొస్తదో ముందుగాల సూడాలె" అన్నారు రాజారత్నం గారు.

సరిగ్గా అప్పుడే సూర్యాపేటలో ఒక దుకాణం వారు అప్‌గ్రేడ్ ఉత్సవం ప్రకటించారు. పాత ఫోను ఇచ్చి కొంత కలిపితే కొత్త మోడల్, పైన బోనస్. రాజారత్నం గారు తన సొంత ఫోనునే బలి ఇవ్వడానికి సిద్ధపడ్డారు. కొనేవాణ్ణి కూడా ముందే కుదుర్చుకున్నారు. అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సూపర్‌వైజర్, పేరు హరిలాల్.

"ఫోన్ యాక్టివేట్ అయి ఉండాలె సార్. లేకపోతే నడుస్తదో లేదో నాకెట్ల తెలుస్తది? గాని ఎవ్వరూ వాడి ఉండొద్దు" అన్నాడు హరిలాల్. ఈత నేర్చి ఉండాలి గానీ ఒళ్లు తడవకూడదన్నమాట. రాజారత్నం గారికి ఈ షరతు ఎంతో న్యాయంగా తోచింది.

దుకాణం యజమాని జవహర్ తన షరతు తాను చెప్పాడు. "ఈడనే ఆన్ చేసి యాక్టివేట్ చేయాలె సార్. పది రోజులు సిమ్ తీయొద్దు, బంద్ పెట్టొద్దు. పెడితే బోనస్ రాదు."

సీలు కోస్తుంటే రాజారత్నం గారు కళ్లు మూసుకున్నారు. అంతలో ఫోను ఎవరిదైనా ఒక మొహం చూపించమంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. తన మొహం పడితే ఏ వస్తువైనా పాతబడుతుందని ఆయన అనుమానం. ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఆ మొహం చూసిన కుర్చీలు, బీరువాలు ఇందుకు సాక్ష్యం. వెంట వచ్చిన కృప ముందుకు జరిగింది. మొహం ఆమెది పెట్టారు, సిమ్ ఆమెది వేశారు, తాళానికి ఆరంకెల నంబరూ ఆమే నొక్కింది. ఆ నంబరు చూడటం కూడా వాడకం కిందికే వస్తుందేమోనని రాజారత్నం గారు బజారు వైపు తిరిగి నిలబడ్డారు.

ఇల్లు చేరగానే మౌఖిక ఉత్తర్వులు వెలువడ్డాయి. అద్దం మీది ప్లాస్టిక్ తీయరాదు. ఫోను బీరువాలో పట్టుచీర మడతల మధ్య ఉండాలి. చూడవచ్చిన ఇరుగుపొరుగు మూడడుగుల దూరం పాటించాలి, దగ్గు వచ్చినవారు వరండాలోకి వెళ్లాలి. ఆయన సొంత సిమ్ మాత్రం గూడు లేని పిట్టలా చొక్కా జేబులో తిరిగింది. పది రోజులు ఆయన ఫోనుకు దొరకలేదని ఆఫీసులో ఎవరూ గమనించలేదు.

ఇక ఫోను ప్రాణంతో ఉందో లేదో రోజూ పరీక్షించే బాధ్యత కృపకు అప్పగించారు. "జర సూస్తుండు, మంచిగ నడుస్తున్నదా అని" అని చెప్పి ఆయన ఆఫీసుకు వెళ్లేవారు. కృప ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించింది. మొదటి రోజు పది నిమిషాలు పరీక్షించింది. రెండో రోజు కొత్త రకం చేతులు ఎలా కత్తిరించాలో వీడియో చూసి మరీ పరీక్షించింది. మూడో రోజు నుంచి డిజైన్లు వరద కట్టాయి. గీతలు లేని జాకెట్ వేసుకున్న చంద్రమ్మ మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. మిషన్‌కు ఊపిరాడలేదు, కృపకు మాత్రం చాలా కాలానికి ఊపిరాడింది.

సాయంత్రం ఆయన అడిగేవారు. "మంచిగనే ఉన్నదా?"

"శానా మంచిగుందండీ" అనేది కృప. ఆయన తృప్తిగా అన్నం తినేవారు.

పదకొండో రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి హరిలాల్ మోటారు సైకిల్ మీద రానే వచ్చాడు. కృప ఫోను తెరిచి ఇచ్చి, లోపలికి వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. హరిలాల్ ప్లాస్టిక్ చూసి సంతోషించాడు, అంచులు తడిమి సంతోషించాడు. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి ఆగిపోయాడు.

"గిదేంది సార్, రోజుకు ఆరు గంటలు వాడినట్టు సూపిస్తున్నది. మూడు వందల ఎనభై ఫొటోలున్నయ్. అన్నీ జాకెట్లే."

రాజారత్నం గారు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, పదవీ విరమణ సభలో మాట్లాడినట్టు మాట్లాడారు. "హరిలాల్, నాది ముప్పై ఏండ్ల మచ్చలేని సర్వీసు. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెప్త. ఈ ఇంట్ల ఈ ఫోను ఎవ్వరూ వాడలేదు. వాడింది మా ఆమె ఒక్కతే."

ఆ మాటలో తేడా ఏమన్నా ఉన్నట్టు ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. హరిలాల్ మొహం విప్పారింది. "గట్ల చెప్పున్రి మరి. ఇంటామె అయితే వాడనట్టే. తీసుకపోత."

ఈ న్యాయవిచారణ ముగిసేలోపు ఫోను దీపం ఆరిపోయింది. మళ్లీ తెరవాలంటే మొహమన్నా కావాలి, ఆరంకెల నంబరన్నా కావాలి. రెండూ లోపలి గదిలోనే ఉన్నాయి.

"కృపా, జర గిటొచ్చి మొహం సూపెట్టు" అని పిలిచారు రాజారత్నం గారు. మిషన్ ఆగింది. ఆయన మళ్లీ పిలిచారు. తలుపు చాటు నుంచి కృప నెమ్మదిగా, మర్యాదగా జవాబు చెప్పింది.

"ఇంట్ల ఎవరూ లేరండీ."

మిషన్ మళ్లీ మొదలైంది. మగవాళ్లు ఇంట లేనప్పుడు ఆడవాళ్లు చెప్పే ఆ మాట ప్రతి గుమ్మంలోనూ వినే ఉన్న మనిషి కనుక, హరిలాల్ ఫోను బల్ల మీద పెట్టి, అలవాటుగా లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"అట్లనా అమ్మా. అయితే సార్ వచ్చినంక మళ్లొస్త" అన్నాడు.

సార్ ఎదురుగానే నిలబడి ఉన్నారు.