నల్ల చుక్కల ముఠా

"నిత్యానందం గారూ! ఈ భూగోళం మీద నేరస్థులు రెండే రకాలండీ. నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు," అని ప్రకటించాడు నరసరాజు.

అప్పటికి మొదటి రకంలో ఒక్కడూ లేడు. ఏలూరులో మోటార్లు బాగుచేసే షాపు నడుపుతూ, సొరుగులో భూతద్దం దాచుకున్న డిటెక్టివ్ ఆయన. ఆయన్ని స్కూటర్ మీద తిప్పే ఖర్మ నాది.

ఆ ఉదయం మిషన్ చర్చి వాచ్‌మన్ అబ్రహాం ఓ కాగితాల కట్ట తెచ్చి ఇచ్చాడు. అమ్మేయబోతున్న పాత పియానోని కదుపుతుంటే, వెనక చెక్క ఊడి బయటపడ్డాయట. అన్నిటి మీదా అయిదేసి గీతలు, వాటి నిండా నల్ల చుక్కలు, అర్థంకాని భాష.

నరసరాజు భూతద్దం తీశాడు. కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేస్తున్న రెండువేల ఆరో సంవత్సరం అది.

"మ్యాపండీ ఇది! గీతలు గట్లు, చుక్కలు చెరువులు. పైన 'క్వింటెట్' అనుంది చూశారా? క్వింటాళ్ళు! రెండు 'ఎఫ్'లంటే ఫిష్షు, ఫిష్షు. రెండు 'పి'లంటే ఇద్దరు పోలీసులొస్తున్నారని హెచ్చరిక!"

"ఇక్కడ క్లారినెట్ అనుందండీ. పెళ్ళి బ్యాండులో ఊదేది..."

"ముఠా నాయకుడి మారుపేరండీ అది! ఇంకెవరికీ చూపించకండి."

కొల్లేటి పక్క ఊళ్ళో కనకరాజు అనే ఆయన రోజూ సాయంత్రం నల్లపెట్టెతో గట్టు మీదకెళ్తాడని నరసరాజు ఎక్కడో విన్నాడు. పెట్టెలో తుపాకీ ఉందని తేల్చేశాడు. సాయంత్రానికల్లా ఇద్దరం తుంగలో నక్కాం.

కనకరాజు వచ్చి పెట్టె పక్కన పెట్టగానే, "కదిలితే కాలుస్తా!" అంటూ మా డిటెక్టివ్ ఉత్త చేత్తో దూకాడు. కాలు జారి నడుం దాకా బురదలో దిగబడ్డాడు. కాగితాలు గట్టంతా చెల్లాచెదురయ్యాయి.

"ముందు చెయ్యివ్వండి, లాగుతాను," అన్నాడు కనకరాజు మర్యాదగా. లాగి, కాళ్ళ దగ్గర పడ్డ కాగితం తీసి చూశాడు. మొహం మారిపోయింది. పెట్టె తెరిచి, క్లారినెట్ బిగించి, చూస్తూ ఊదడం మొదలెట్టాడు.

నాకు సంగీతం తెలియదు. కానీ ఎవరో ఏదో అడిగి జవాబు కోసం ఆగినట్టుంది ఆ పాట.

"పోలీసు బ్యాండులో ముప్పై ఏళ్ళు చేశానండీ," అన్నాడాయన. "క్వింటెట్ అంటే అయిదు వాయిద్యాల పాట. ఇది పియానోకీ, నాలుగు ఊదే వాయిద్యాలకీ రాసింది. మీదున్న ఏడాదిని బట్టి నూటయాభై ఏళ్ళ కిందటిది. రాసినాయన పేరు మా బ్యాండు మాస్టారి నోట కూడా వినలేదు. పియానో ఏదండీ?"

"మిషన్ చర్చిలోదండీ, అమ్మేస్తున్నారు. ఇవాళే!" అన్నాన్నేను.

కాగితాలు ఏరుకుని, స్కూటర్ మీద ముగ్గురం ఏలూరు చేరేసరికి పియానో లారీ ఎక్కేసింది. ఎన్నో ఏళ్ళు చర్చిలో దాన్ని వాయించిన సారమ్మ టీచరుగారు కింద నిలబడి చూస్తున్నారు. కనకరాజు క్లారినెట్ మీద ఆ పాట ఎత్తుకున్నాడు.

సారమ్మగారు ఉలిక్కిపడ్డారు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, డెబ్భై ఏళ్ళ మనిషి లారీ ఎక్కేశారు. కాగితం లేకుండానే, నిలబడే వాయించారు. ఈసారి పాట ఆగిన చోటల్లా జవాబు వచ్చింది.

"మిషన్ దొరసానిగారు నా చిన్నప్పుడు నేర్పిందండీ," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ఏభై ఏళ్ళుగా ఒక్కదాన్నే వాయించుకుంటున్నా. మధ్యమధ్య అంతసేపు ఎందుకు ఊరుకోమందో ఇవాళ తెలిసింది."

చర్చి సెక్రటరీ దేవసహాయంగారు గొంతు సవరించుకున్నారు. "దింపండర్రా పియానోని. అమ్మట్లేదు."

"ముందే ఊహించానండీ," అన్నాడు బురద కారుతున్న నరసరాజు. ఎవరూ వినలేదు.

"ఆగండి, దింపకండి," అన్నారు సారమ్మగారు లారీ మీంచే. "కనకరాజుగారూ, రెండో పేజీలో మీరు తొందరపడ్డారు. మళ్ళీ మొదట్నించి."