వెనక నుంచి వస్తున్న చప్పుడు

లక్ష్ముడి చెవి మీద ఆ రేవులో అందరికీ గురి. పడవ ఇంకా కంటికి ఆనకముందే, ఇసుకలో కూర్చుని బీడీ కాల్చుకుంటూ, వస్తున్నది ఎవరి పడవో, దాని ఇంజనుకు ఏ రోగం పట్టిందో చెప్పేసేవాడు. ప్లగ్గు మార్చాలని అతనన్నాడంటే, పడవ ఒడ్డెక్కాక ప్లగ్గు మార్చవలసిందే. నౌపడ చుట్టుపక్కల అలాంటి చెవి మరొకటి లేదని జనం అనుకునేవారు. లక్ష్ముడు కూడా అదే అనుకునేవాడు, వాళ్ళకంటే కాస్త గట్టిగా.

ఆ రోజు ఉదయం అతను పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండెక్కేలోగా కారు చప్పుడు మాన్పించాలి, తలంటు పోసుకుని కొత్త పంచె కట్టుకోవాలి, భార్య లక్ష్మణమ్మనీ బావమరిది నాగబాబునీ ఎక్కించుకుని ఎచ్చెర్ల బయలుదేరాలి. మధ్యాహ్నం అక్కడి యూనివర్సిటీ స్నాతకోత్సవంలో అతని కూతురు అరుణశ్రీ మెడలో బంగారు పతకం వేస్తారు. ఆ రేవులో ఎమ్మెస్సీ దాకా వెళ్ళిన ఆడపిల్లే లేదు. ఇక పతకం గురించి చెప్పేదేముంది. అయినా లక్ష్ముడు చెబుతూనే ఉన్నాడు. కొద్దిరోజులుగా చేపల బేరానికి వచ్చినవాళ్ళెవరైనా ముందు పతకం సంగతి విని, తల ఊపి, ఆ తరవాతే చేప ధర తెలుసుకోగలుగుతున్నారు.

కారు విషయానికి వస్తే, ఆ తెల్ల కారు లక్ష్ముడి ఇంటికి వచ్చేసరికే దానికి ముసలితనం వచ్చేసింది. తలుపులు కిర్రుమనేవి, సీట్లు మూలిగేవి. వీటికి తోడు కొన్ని నెలలుగా కొత్త చప్పుడొకటి చేరింది. ఇంజను తిరిగితే చాలు, ఖంగు ఖంగుమనేది. గుంటలో పడిందంటే వీధిలో పసిపిల్లలు లేచి కూర్చునేవారు. కారన్నాక చప్పుడు చెయ్యదా అని లక్ష్ముడు దాన్ని పట్టించుకోలేదు. ఆ చప్పుడుతోనే ఆదివారాలు ఎచ్చెర్ల వెళ్ళి, కూతురికి హాస్టల్లో ఎండుచేపల పొడి, ఉతికిన బట్టలు ఇచ్చి వచ్చేవాడు.

అయితే ముందురోజు సాయంత్రం ఒక సంగతి జరిగింది. తండ్రితో మాట్లాడడం అయ్యాక అరుణశ్రీ ఫోను కట్టేయడం మరిచిపోయింది. పక్కనున్న స్నేహితురాళ్ళతో, "మా నాన్న కారు జంక్షన్ కాడ ఉండగానే ఇనబడిపోతాదే, యూనివర్సిటీ మొత్తానికి తెలిసిపోతాది" అంది. గదిలో అందరూ నవ్వారు. ఇక్కడ లక్ష్ముడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పిల్ల సిగ్గుపడుతోందని అతనికి అర్థమైంది, లేదా అర్థమైందని అనుకున్నాడు. పెద్దపెద్దవాళ్ళ కార్లు నిలబడే చోటికి తన కారు అలా మోగుకుంటూ వెళితే, పతకం వేయించుకోవలసిన మెడ వంగిపోతుంది. ఈ బాధ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రేపు కారు చడీచప్పుడు లేకుండా వెళ్ళి తీరాలని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

పొద్దున్నే బానెట్టు ఎత్తి, ఇంజను స్టార్టు చేసి, కళ్ళు మూసుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డిక్కీ దగ్గర ఆగాడు.

"ఇది ఇంజను సప్పుడు కాదు. ఎనకనుంచి వస్తన్నాది, కిందనుంచి. ఇనుము కూడా కాదు, కంచు" అన్నాడు. మళ్ళీ చెవి ఒగ్గి, "ఎక్కడో ఇన్న సప్పుడులాగే ఉన్నాది గానీ, ఎక్కడో తెల్డం లేదు" అన్నాడు.

నాగబాబు నవ్వాపుకోలేకపోయాడు. అతను ఎప్పుడో టెక్కలిలో ఒక లారీ షెడ్డులో కొన్నాళ్ళు చక్రాలు విప్పి బిగించాడు. అప్పటినుంచి చక్రాలున్న ప్రతిదానికీ తనే పెద్ద దిక్కునని అతని నమ్మకం.

"ఇంజను ముందర పెట్టుకుని సప్పుడు ఎనకనుంచి ఎలాగొస్తాది బావా? పడవకి ఇంజను ఎనకాతల ఉంటాది. నీ సెవికి అదే అలవాటైపోనాది" అన్నాడు.

ఈలోగా అసిరయ్య వచ్చాడు. ఆ రేవులో పడవ ఇంజన్లకు పాత వైద్యుడు ఆయన, లక్ష్ముడికి వరసకు మావ. విషయం విని, నాగబాబు చెప్పింది నిజమేనని తేల్చాడు. జీవితమంతా పడవ వెనక కూర్చున్న మనిషికి ప్రతి చప్పుడూ వెనకనుంచే వచ్చినట్టుంటుందని, తనకూ బస్సెక్కితే అలాగే ఉంటుందని చెప్పాడు. లక్ష్ముడికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన చెవి మీద అనుమానం వచ్చింది. ఆ అనుమానం అతన్ని చాలా నొప్పించింది.

ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడి వింటున్న లక్ష్మణమ్మకు మాత్రం ముచ్చెమటలు పోశాయి. ఎందుకంటే లక్ష్ముడి చెవి అబద్ధం చెప్పలేదు.

పరీక్షల ముందు ఆవిడ, పిల్లకు పతకం రావాలని గంగమ్మతల్లికి మొక్కుకుంది. లక్ష్ముడి మొదటి పడవ తుపానులో ముక్కలైనప్పుడు, దాని ముక్కుకు కట్టిన చిన్న కంచుగంట ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మొగుడు చూస్తే ఏడుస్తాడని దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. ఆ గంటనే పసుపు గుడ్డలో ముడుపు కట్టి, పిల్ల దగ్గరికి వెళ్ళి వచ్చేది కారే కదా అని, కారు కింద వెనకవైపు కట్టేసింది. పతకం పిల్ల మెడలో పడేదాకా ఆ సంగతి నోట రాకూడదు, ముడుపు మీద ఇంకొక చెయ్యి పడకూడదు. అదీ మొక్కు. గుడ్డ చిరిగి గంట సగం బయటపడి మోగుతోందని ఆవిడకు మొదట్లోనే తెలిసింది. తెలిసి ఏం చేస్తుంది? చెబితే మొక్కు చెడుతుంది. పతకం ఇంకా మెడలో పడలేదు.

"సరే, నీ తృప్తి కోసం ఓసారి కిందకి దూరి సూస్తాను" అంటూ నాగబాబు చొక్కా విప్పాడు. అతను మోకాళ్ళ మీద వంగాడో లేదో, లక్ష్మణమ్మ పేడనీళ్ళ బకెట్టు తెచ్చి కారు కింద మొత్తం కుమ్మరించింది. నాగబాబు ఎగిరి అవతల పడ్డాడు. పిల్లకు పతకం వచ్చే రోజున వాకిట్లో కల్లాపు చల్లుకోవద్దా అని ఆవిడ దబాయించింది. కల్లాపు కారు కిందే ఎందుకని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆవిడ అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వాళ్ళ దృష్టి ఇంకా పూర్తిగా మళ్ళించాలని మరొక మాట అంది.

"సప్పుడు పైనుంచే వస్తన్నాది. నాకు బాగా ఇనబడతన్నాది."

పెళ్ళయిన నాటినుంచి ఇంజను గురించి పల్లెత్తు మాట అనని మనిషి. పైనుంచి వస్తున్నట్టు ఆవిడకు కూడా వినబడుతోంది, తనకే వినబడడం లేదు. లక్ష్ముడు స్పానరు తెచ్చి నాగబాబు చేతికిచ్చాడు.

తరవాత ఇంజను పైకప్పు విప్పారు. అసిరయ్య పడవలోంచి తెడ్డు తెప్పించి, ఒక కొస ఇంజనుకు ఆనించి రెండో కొస చెవిలో పెట్టుకుని, రోగి గుండె వింటున్నట్టు చాలాసేపు విన్నాడు. దమ్ము పట్టేసిందని చెప్పాడు. దమ్ము ఎక్కడుందో చూద్దామని మరికొంత విప్పారు. చూస్తున్న జనంలో తలొకరూ ఒక భాగం పేరు చెప్పడం, నాగబాబు దాన్ని ఊడదీయడం జరిగింది. ఊడిన సామానంతా వల మీద వరసగా పరిచారు. వలలో ఎప్పుడూ ఇంత పెద్ద చేపల పాటు పడలేదని ఎవరో అంటే అందరూ నవ్వారు, లక్ష్ముడు తప్ప. ఎండ నెత్తికెక్కుతోంది. లక్ష్మణమ్మ మధ్యమధ్య వచ్చి, చప్పుడుంటే ఉండనీ, ఇక బిగించేయండని బతిమాలుతోంది. ఇందాక తనే కదా పైనుంచి అన్నదని నాగబాబు గుర్తు చేశాడు.

చివరికి అన్నీ బిగించారు. అన్నీ అంటే, వల మీద ఇంకా గుప్పెడు బోల్టులు మిగిలాయి. అవి కారుకు మొదట్లోనే ఎక్కువ వేసి ఉంటారని నాగబాబు సర్దిచెప్పాడు. లక్ష్ముడు దండం పెట్టుకుని తాళంచెవి తిప్పాడు. ఖంగు లేదు. చిన్న చప్పుడైనా లేదు.

"సప్పుడు పోనాది" అన్నాడు అసిరయ్య సంతోషంగా.

జనం చప్పట్లు కొట్టారు. పోయింది చప్పుడొక్కటే కాదు, ఇంజను కూడానని గ్రహించడానికి వాళ్ళకు కొంచెంసేపు పట్టింది.

లక్ష్ముడు ఇసుకలో కూలబడ్డాడు. నలుగురిలో పిల్ల తల ఎత్తుకు నిలబడేలా చేద్దామనుకుంటే, అసలు వెళ్ళడానికే దిక్కు లేకుండా పోయింది. బస్సుకు పోదామని నాగబాబు అన్నాడు. అప్పుడు, పొద్దున్నుంచీ ఆ కారు జోలికి వెళ్ళొద్దని మొత్తుకున్న లక్ష్మణమ్మ అడ్డం తిరిగింది.

"కారు రాకపోతే నాను రాను. సచ్చిన కారైనా సరే, లాక్కెల్లాలి" అంది.

ఎందుకో ఎవరికీ బోధపడలేదు. సరిగ్గా అప్పుడే, రేవులో సరుకు తోలే చినబాబు తన ఐసు బండిలో చేపల లోడు వేసుకుని శ్రీకాకుళం వైపు బయలుదేరుతున్నాడు. అతన్ని ఆపి, వల తాడు పేని కారును బండి వెనక కట్టారు. ఇసుకలో కూరుకుపోయిన కారును రోడ్డు మీదకు తేవడానికి, పెద్ద వల లాగినట్టే ఊరంతా ఐలేసా పాడుతూ చెయ్యి వేసింది.

ఉప్పుమళ్ళ పక్కనుంచి ఊరేగింపు సాగింది. కొత్త పంచె కట్టుకుని లక్ష్ముడు స్టీరింగు పట్టుకున్నాడు. పక్కన పట్టుచీరలో లక్ష్మణమ్మ, వెనక సీట్లో నాగబాబు. ముందు ఐసు బండి నుంచి చేపనీళ్ళు కారి అద్దం మీద పడుతున్నాయి. మొదటి గుంట వచ్చింది.

ఖంగు.

లక్ష్ముడు ఇంజను వైపు చూశాడు. అది చచ్చి చాలాసేపైంది. రెండో గుంట వచ్చింది. ఖంగు ఖంగు. కారు ఇంజను రొద లేకపోవడంతో, చప్పుడు పొద్దుటికంటే శుభ్రంగా వినబడింది. అతను కళ్ళు మూసుకున్నాడు, స్టీరింగు చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయి.

"అది మన పడవ గంట కదే" అన్నాడు మెల్లిగా.

లక్ష్మణమ్మ కిటికీలోంచి ఉప్పుకుప్పల వైపు చూస్తోంది. "నన్నేటీ అడక్కు. పతకం పడ్డాక అడుగు" అంది.

ముడుపుల సంగతి తెలిసిన ఇంట్లో పుట్టినవాడు కాబట్టి లక్ష్ముడు ఇంకేమీ అడగలేదు. సముద్రంలో పోయిందనుకున్న గంట, ఇన్నాళ్ళూ తన వెనకే మోగుతూ వచ్చింది. వెనక్కి తిరిగి నాగబాబుతో, "కంచు. ఎనకనుంచి, కిందనుంచి" అని మాత్రం అన్నాడు. నాగబాబు కూడా ఉప్పుకుప్పలు చూడడం మొదలుపెట్టాడు.

చెవి గెలిచిన ఆనందం నరసన్నపేట దాకా నిలిచింది. ఆ తరవాత పిల్ల ఫోన్లో అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. చప్పుడు అలాగే ఉంది. దానికిప్పుడు ఐసు బండి, చేపనీళ్ళు కూడా తోడయ్యాయి. మొక్కు తీరకుండా గంటను ముట్టుకోవడానికి లేదు. జంక్షన్ దగ్గరే ఆగి, కారును ఏ చెట్టు కిందో వదిలేసి, గేటు దాకా నడిచి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాడు. జంక్షన్ రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి చినబాబును ఆపమని అరిచాడు. గంట మోతలో చినబాబుకు ఆ అరుపు వినబడలేదు. బండి తిన్నగా వెళ్ళి, మెరిసే కార్ల మధ్యలోంచి ఖంగు ఖంగుమని కారును లాక్కుంటూ, యూనివర్సిటీ గేటు ముందు ఆగింది.

లక్ష్ముడు తల దించుకున్నాడు.

గేటు దగ్గర పొడుగాటి గౌనులో అరుణశ్రీ ఉంది. ఇద్దరు స్నేహితురాళ్ళు ఆమెను చెరొక చెయ్యీ పట్టి లోపలికి లాగుతున్నారు. పతకాలవాళ్ళంతా వరసలో నిలబడ్డారని, గేటు మూసేస్తున్నారని వాళ్ళ గోల. ఆ పిల్ల చేతులు విడిపించుకుని కారు దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. చేపనీళ్ళు కారుతున్న తలుపును గౌనుతోనే ఆనుకుని నిలబడింది.

"ఇంతసేపు సప్పుడు ఇనబడక నా గుండాగిపోనాది నాన్నా. నీ కారు సప్పుడు ఇనకుండా లోపలికెల్లనని ఇక్కడే నిలబడిపోయేను."

"నీకు సిగ్గు కాదేటమ్మా?" అని లక్ష్ముడు అడిగాడు.

"సిగ్గేటి? ఆదివారం ఆ సప్పుడు ఇనబడితే హాస్టలంతా నాకన్నా ముందు గేటుకాడికి పరిగెడతాది, నువ్వు తెచ్చిన పొడి కోసం. మా నాన్న వస్తన్నాడని యూనివర్సిటీ మొత్తానికి తెలియాలి కదా."

 లక్ష్ముడు కారు దిగి, పంచె సర్దుకుని, తలెత్తుకుని నడిచాడు. లోపల పేరు పిలిచి పతకం వేసినప్పుడు అందరూ కూర్చునే చప్పట్లు కొట్టారు. అతనొక్కడే లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమంటే, "మా పిల్ల" అని చెప్పి నిలబడే ఉన్నాడు.

బయటికి వచ్చాక లక్ష్మణమ్మ పట్టుచీరతోనే కారు కిందకు దూరింది. ఎండిన పేడ మరకలతో, చిరిగిన పసుపు మూటతో బయటికి వచ్చి, గంటను కూతురి చేతిలో పెట్టింది. అప్పుడు మొత్తం చెప్పింది. విని నాగబాబు అక్క మీద లబలబలాడాడు.

"మరైతే పైనుంచి వస్తన్నాదని ఎందుకన్నావప్పా? ఇంజను మొత్తం ఇప్పించీసినావు కదా."

"నువ్వు కిందకి దూరకుండా ఉంటావని."

లక్ష్ముడికి కోపం రాలేదు. అక్కడికక్కడే అసిరయ్యకు ఫోను చేసి, పతకం సంగతి ఒక ముక్కలోనూ, తన చెవి సంగతి తీరుబడిగానూ చెప్పాడు. గంటను అరుణశ్రీ చున్నీలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. చేపలు దించేసి వచ్చిన చినబాబు మళ్ళీ తాడు కట్టాడు. తిరుగు ప్రయాణంలో కారు చిన్న చప్పుడైనా చేయలేదు. ముందు లాగుతున్న ఐసు బండిలోనే ఏదో చప్పుడు వస్తోందని లక్ష్ముడు అన్నప్పుడు, విప్పి చూద్దామని మాత్రం ఎవరూ అనలేదు.