దేవుడి బండికి స్కానింగు

ఆ ఆదివారం పొద్దున కార్తికేయ కాఫీ కూడా పూర్తిగా తాగలేదు. ఆస్ట్రేలియాలో, డార్విన్ శివార్లలోని అతని ఐదెకరాల ఇంటి నుంచి సాయంత్రం వినాయకుడు ఊరేగింపుగా బయలుదేరాలి. సముద్రంలో మొసళ్లున్నాయి కనుక నిమజ్జనం కంచె అవతలి శ్రీపతి అంకుల్ స్విమ్మింగ్ పూల్‌లో. అంకుల్ తెలుగు సంఘం అధ్యక్షుడు. ఆయన తన యూట్, అదే చిన్న ట్రక్కు, ఇస్తానంటే వద్దని, స్వామివారి ట్రాలీని తన నాలుగు చక్రాల క్వాడ్ బైకే లాగుతుందని కార్తికేయ అందరి ముందూ మాటిచ్చాడు. నాలుగున్నరకి రాహుకాలం. ఆలోపు బండి గేటు దాటాలి, లేకపోతే పరువు పోతుంది.

బండి శుభ్రంగా నడుస్తోంది. కాకపోతే మీటరు మీద చిన్న పసుపు దీపం వెలుగుతోంది. నడుస్తున్నదాన్ని కెలకొద్దని భార్య భానుశ్రీ చెప్పింది. కొత్తగా తెప్పించిన స్కాన్ టూల్‌ని వాడే అవకాశం వచ్చిందని గుండె గంతులేస్తున్నవాడికి ఆ మాట ఎక్కడ వినిపిస్తుంది? తాళం తిప్పి, వైరు తగిలించగానే తెరమీద ఒక లోపం కనిపించింది. ఇంజనుకెళ్లే గాలిని కొలిచే సెన్సర్ అట.

"ఒక్క ఎర్రరే భానూ. లంచ్‌లోపు క్లోజ్ చేసేస్తా."

కార్తికేయ ప్రభుత్వాఫీసులో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. అక్కడ ఏది పాడైనా ఒక్కో భాగాన్నీ విడదీసి పరీక్షించడం పద్ధతి. ఇక్కడా అలాగే పక్క సెన్సర్ ప్లగ్గు పీకాడు. లోపాలు రెండయ్యాయి. హుషారొచ్చి ఆఫీసు మిత్రుడు సుబ్బుకి ఫోన్ చేశాడు. సుబ్బు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సంఘంలో సగంమందిది అదే ఉద్యోగం కావడంతో లంచ్ వేళకి బండి చుట్టూ పెళ్లి సందడి మొదలైంది. ఒకరు పీకుతుంటే ఇంకొకరు తెర చదువుతున్నారు. కొత్త లోపం దొరికినప్పుడల్లా చప్పట్లు. ఇంత పాడైన బండి ఇన్నాళ్లూ ఎలా నడిచిందా అని సుబ్బు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

పులిహోర తెచ్చిన భానుశ్రీ తెరవైపూ, వేలాడుతున్న వైర్లవైపూ చూసింది.

"మీరు పీకినవేగా అది చదువుతోంది?"

సుబ్బు చేతిలోని ప్లగ్గుని మెల్లగా దాని చోట పెట్టేశాడు. తర్వాత అన్నీ తిరిగి తగిలించి, లోపాలన్నీ చెరిపేశారు. పసుపు దీపం కూడా ఆరిపోయింది. కార్తికేయకి ఆనందంతో కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. ఈలోగా డప్పులతో శ్రీపతి అంకుల్ వచ్చారు, స్వామి ట్రాలీ ఎక్కాడు. కార్తికేయ స్టార్టర్ నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ నొక్కితే అదీ లేదు. పొద్దుటినుంచి తాళం తిప్పే ఉండడంతో బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. దానిమీదే బతుకుతున్న స్కాన్ టూల్ కూడా కన్నుమూసింది.

వేరే కారు బ్యాటరీ నుంచి కరెంటు ఎక్కించే జంపర్ కేబుల్స్ సుబ్బు ఇంట్లో ఉన్నాయి. వెళ్లొచ్చేసరికి రాహుకాలం వచ్చేస్తుంది. అంకుల్ యూట్ కుర్చీలు తేవడానికి వెళ్లింది, మిగతావాళ్ల కార్లకి ట్రాలీ తగిలించే కొక్కేలు లేవు. కార్తికేయకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"సారీ అంకుల్. అంతా నావల్లే."

అంకుల్ వాచీ చూసుకుని, బండి ముందు కమ్మీకి తాడు కట్టించారు. "నువ్వు హ్యాండిల్ పట్టుకో చాలు. రెస్ట్ మేం చూసుకుంటాం."

పిల్లలూ పెద్దలూ తాడు పట్టి ఒక్కసారిగా లాగారు. ఎర్రదుమ్ము లేచింది, డప్పులు అందుకున్నాయి, బండి రథంలా కదిలింది. కిందటేడు యూట్ వెనక విసుగ్గా నడిచిన పిల్లలు ఇప్పుడు తాడు కోసం కొట్టుకుంటున్నారు. సిగ్గు మరిచిపోయి కార్తికేయ అందరికన్నా గట్టిగా జై కొట్టాడు. రాహుకాలానికి ముందే గేటు దాటారు.

నిమజ్జనం అయ్యాక సంఘం కమిటీ పూల్ పక్కనే సమావేశమై, వచ్చే ఏడు కూడా బండి రిపేరు కార్తికేయకే అప్పగించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.