ఆకుపచ్చ ధార

ఒక నీటిబొట్టు రిజర్వాయర్‌లో బయల్దేరి, పైపుల్లో దూరి, కొళాయిలోంచి సామాన్యుడి గ్లాసులోకి దూకుతుందనీ, దాని వెంటే కెమెరా పరిగెడుతుందనీ, ఎక్కడా కట్ ఉండదనీ నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించారు. టీవీ యాడ్‌లలో ఇది విప్లవమట. "నీళ్లెప్పుడొస్తాయి సార్?" అన్నాడో విలేఖరి. "ముందు టెక్నాలజీ గురించి మాట్లాడుకుందాం" అన్నారు మంత్రిగారు. ఎంత దూరదృష్టి!

సామాన్యుడి వేషానికి టైలరు పిన్ని దొరికింది. వీధి మొత్తానికీ ఆవిడ పిన్నే. ఆవిడ కొళాయికి బిగించిన నాటినుంచీ గాలి ఊదడం తప్ప మరో పని తెలీదు. వారానికి రెండుసార్లొచ్చే ట్యాంకరే వీధికి దిక్కు. షూటింగ్ పుణ్యమా అని నీళ్లొస్తాయని పిన్ని బిందెలన్నీ తోమి వరసగా పెట్టింది.

"ఇవి ఫ్రేములో వద్దు, తీసెయ్యండి" అన్నాడు డైరెక్టరు.

"మరి నీళ్లు దేంట్లో పట్టను బాబూ?"

"నీళ్లెందుకు పిన్నీ, ఈ కాలంలో!" అంటూ ఆకుపచ్చ గుడ్డ చేతిలో పెట్టాడు. "దీన్ని సన్నటి గొట్టంలా కుట్టండి. కొళాయికి వేలాడదీస్తాం. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది."

పిన్నికి ఒళ్లు మండింది. అయినా చేతిపనిలో వంక రానివ్వదు కనక కుట్టు కనబడకుండా కుట్టింది. తన ఇంటి నీళ్లు తానే కుట్టుకున్న తొలి గృహిణిగా చరిత్రకెక్కింది.

"గుటక వెయ్యండి! ఇంకాస్త తృప్తిగా!"

"ఖాళీ గ్లాసులో తృప్తి ఎక్కణ్ణించి తేను?"

"అదే పిన్నీ, నటనంటే!"

ప్రివ్యూకి పిన్నిని కూడా పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టారు. తెరమీద ఆకుపచ్చ గుడ్డ తళతళలాడే ధారయింది. మంత్రిగారు కళ్లొత్తుకుని, పక్కనున్న ఇంజనీరు వైపు తిరిగారు.

"ఏమయ్యా, ఒక్క వీధికి ఇంత ధారా? మిగతా వీధులవాళ్లు చూస్తే ఊరుకుంటారా? సగానికి తగ్గించు!"

ఇంజనీరు "అలాగే సార్" అని రాసుకున్నాడు.

"అయ్యా, అది నీళ్లు కాదండీ, నేను కుట్టిన గుడ్డండీ!" అని పిన్ని లేచి అరిచింది. అప్పటికే హాలు చప్పట్లతో మారుమోగుతోంది. మంత్రిగారు ఆవిడకు కూడా నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

యాడ్ టీవీలో వచ్చిన మర్నాడు ట్యాంకరు డ్రైవరు పైపు చుడుతూ కబురు చెప్పాడు.

"ఇకనుంచి వారానికి ఒక్కసారే వస్తా."

"అదేం అన్యాయం నాయనా?" అంది పిన్ని.

"మీ కొళాయిలో ధార మరీ ఎక్కువైందట పిన్నీ. పైనుంచి ఆర్డరు."

బిందెలతో నిలబడ్డ వీధి వీధంతా పిన్ని వైపు తిరిగింది.

"రాత్రి టీవీలో చూశాం" అంది పక్కింటావిడ. "ఎంత కమ్మగా తాగావు పిన్నీ!"