తూర్పు ఇల్లు, ఎనిమిదిసార్లు

కడపలో భూపేష్‌కు చిన్న డ్రాయింగ్ షాపు ఉంది. ఆ రోజు పదింటికల్లా ఒక కాలనీ ప్లాను ముగించి, ఎర్రకారం దోసె తినాలని అనుకున్నాడు. వేంపల్లె పక్కన ఒక పల్లెలో, సొంత ఇల్లు లేని ఎనిమిది కుటుంబాలకు ఇళ్లు కట్టాలి. నడుమ జెండా దిమ్మె, చుట్టూ పువ్వులాగా ఇళ్లు ఉండాలన్నది కాంట్రాక్టరు నాగార్జున కోరిక. పేదోళ్లకు పువ్వెందుకని ఎవరూ అడగలేదు.

భూపేష్ దిమ్మెకు తూర్పున ఒక ఇల్లు గీశాడు. తలుపు తూర్పుకు, మరుగుదొడ్డి వెనక్కి. దిమ్మెను కేంద్రంగా పెట్టి, ఎనిమిది అని కొట్టి, ఆ ఇంటిని చుట్టూ తిప్పి కాపీ చేయమన్నాడు. కంప్యూటర్ చేసింది. ఇల్లు తిరిగితే తలుపూ తిరుగుతుందని ఆలోచించవలసిన మనిషి అప్పటికే దోసె ముందు కూర్చున్నాడు.

చీటీలు తీసి ఇళ్లు పంచారు. నేల మీద సున్నం గీతలు పడగానే సుంకమ్మ తన గీతల్లో నిలబడి కేకేసింది.

"ఏమప్పా, నా తలుపు దక్షిణానికి పెట్టినావు! నేను బతకాల్నా, పోవాల్నా?"

నాగార్జున తూర్పు ఇల్లు ఎవరికి వచ్చిందో చూశాడు. రాహేలమ్మకు. కూలికి పోయే మనిషి. పదకొండేళ్లుగా బాడుగ రేకుల షెడ్డులో ఉంటోంది.

"రాహేలమ్మది చర్చి కుటుంబం. వాళ్లకు వాస్తు లేదు. ఇద్దరివీ మార్చేయండి," అన్నాడు. ఇతరుల నమ్మకాలు వాడుకోవడంలో మనవాళ్లు గట్టివాళ్లు.

"వాస్తు లేకుంటే పొద్దు గూడా లేదా సార్ మాకు?" అంది రాహేలమ్మ. "యేసయ్య మళ్లా వచ్చేది తూర్పు నుంచే. ఆ పొద్దు నేను వాకిట్లో నిలబడొద్దా?"

నాగార్జున జేబులోంచి ఫోన్ తీశాడు. ఇంతలో పడమటి వాళ్లూ, నైరుతి వాళ్లూ గొంతెత్తారు. అతను భూపేష్‌కు ఫోన్ చేశాడు.

"అన్ని తలుపులూ తూర్పుకే పెట్టు. సోమవారానికి పునాది తీయకుంటే ఈ ఇళ్లు వేరే ఊరికి పోతాయి!"

భూపేష్ ఈసారి ఇంటిని తిప్పకుండా చుట్టూ కాపీ చేశాడు. ఎనిమిది తలుపులూ తూర్పుకే వచ్చాయి. శనివారం మళ్లీ సున్నం పోశారు. మళ్లీ కేకలు.

"తలుపు తీస్తే ఎదురుగా వాళ్ల దొడ్డే కనపడ్తాది! అన్నం ఎట్ల తినాల?" అని మూడు కుటుంబాలు మీదికొచ్చాయి. తూర్పు ఇంటి దొడ్డి సరిగ్గా జెండా దిమ్మెకు ఎదురొచ్చింది. ప్రారంభానికి రాబోయే పెద్దాయన గుర్తొచ్చి నాగార్జున పని ఆపించాడు. ఇళ్లు పోతే పోనీ, దిమ్మె పరువు పోకూడదు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని రాహేలమ్మ నేరుగా ఆ స్థలానికి వచ్చింది. చాలాసేపు దక్షిణం గీతల్లో నిలబడి బయటికి చూసింది.

"మొదటి బొమ్మే ఖాయం చేయండి సార్. దక్షిణం ఇల్లు నాకు. కాగితం మీద రాసియ్యండి, సంతకం పెడ్తా."

"చూసినారా! త్యాగమంటే ఇది!" అని నాగార్జున అప్పటికప్పుడే ఉపన్యాసం ఇచ్చాడు. ఎదురు దొడ్డి కన్నా ఏ దిక్కైనా మేలనుకున్న పడమటి వాళ్లతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఎటు చూసిందో మాత్రం ఎవరూ చూడలేదు. ముప్పై అడుగుల దూరంలో పులివెందుల బస్సులు పోయే రోడ్డుంది.

ఇళ్లు లేచాయి. రాహేలమ్మ గడప ముందు పొయ్యి పెట్టింది. టీ, మిరపకాయ బజ్జీ. డ్రైవర్లు అక్కడే బస్సు ఆపడం మరిగారు. కూలికి పోవడం మానేసింది. సుంకమ్మ తూర్పు తలుపు తీస్తే కంపచెట్లు.

"రాహేలక్కా, నా ఇల్లు నువ్వు తీసుకో, నీది నాకియ్యి. తూర్పు ముఖం, శానా మంచిది."

"వద్దులేమ్మా," అంది రాహేలమ్మ, బజ్జీ తిప్పుతూ. "దక్షిణానికి నేను అలవాటు పడిపోయినా."

నాగార్జున ఇదంతా చూసి పాఠం నేర్చుకున్నాడు. కోయిలకుంట్ల దగ్గర కాలనీకి అన్ని తలుపులూ దక్షిణానికే పెట్టించాడు. అక్కడ రోడ్డు ఉత్తరాన ఉంది.